నవలలో కీలక ఘట్టాలు పట్టుకోవడం పిల్లలకు ఎలా నేర్పాలి?

నవల చదివించి "ఏదీ, కథ చెప్పు" అని అడిగితే పిల్లలు సాధారణంగా రెండు రకాలుగా చెబుతారు. ఒకడు మొదటి పేజీ నుంచి దేన్నీ వదలకుండా "తర్వాత... తర్వాత..." అంటూ బెల్లు కొట్టేదాకా చెబుతూనే ఉంటాడు, సగం కథ కూడా అవదు. ఇంకొకడు "ఒక రాజు, ఒక పేదవాడు, చివరికి అందరూ సుఖంగా ఉన్నారు సార్" అని చెప్పి కూర్చుంటాడు. ఇద్దరిదీ ఒకటే ఇబ్బంది. కథను ముందుకు నెట్టిన సంఘటన ఏది, ఉన్నా లేకపోయినా కథ సాగిపోయేది ఏది అన్న తేడా వాళ్లకు అందలేదు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో పుస్తక సమీక్ష రాయమన్నప్పుడు అట్ట వెనక ఉన్న నాలుగు వాక్యాలు దించేసేది కూడా ఇందుకే.

దీనికి కొంత మన ప్రశ్నపత్రాలూ కారణమే. "ఈ వాక్యం ఎవరు ఎవరితో అన్నారు?" అని ఏళ్ల తరబడి అడిగాం. పిల్లవాడు వాక్యాలు వెతకడం నేర్చుకున్నాడు. ఆ మాట అన్నాక కథలో ఏం మారిందని అడగలేదు, కాబట్టి వాడూ చూడలేదు.

ఇక్కడ చెప్పే పద్ధతి ఏడు నుంచి తొమ్మిదో తరగతి దాకా సరిపోతుంది. నవల కోసం మార్క్ ట్వేన్ రాసిన 'రాజు-పేద'ను తీసుకుంటున్నాను. ఇంగ్లీషులో 1881లో వచ్చింది, నండూరి రామ్మోహనరావు గారి తెలుగు అనువాదం ఉంది. పాత స్కూలు లైబ్రరీల్లో బీరువా అడుగున ఒక కాపీ దొరికినా దొరకొచ్చు. ఇదే కథను ఆధారం చేసుకుని 1954లో తెలుగులో సినిమా కూడా వచ్చింది. ఒకే పోలికలున్న ఇద్దరు తారుమారు కావడం అంటే మన పిల్లలకు కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేదు, డబుల్ యాక్షన్ సినిమాలు చూసినవాళ్లేగా.

మరిచిపోయినవాళ్ల కోసం కథ క్లుప్తంగా. పదహారో శతాబ్దపు లండన్‌లో ఒకే రోజు ఇద్దరు మగపిల్లలు పుడతారు. ఒకడు ఎనిమిదో హెన్రీ రాజు కొడుకు ఎడ్వర్డ్. రెండోవాడు ఆఫల్ కోర్ట్ అనే మురికివాడలో ఉండే జాన్ కాంటీ అనే దొంగ కొడుకు టామ్. ఇద్దరూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటారు. ఒకరోజు రాజభవనంలో కలిసి సరదాకి బట్టలు మార్చుకుంటారు. ఎడ్వర్డ్ వీధిపాలవుతాడు, టామ్ లోపల ఇరుక్కుపోతాడు. ఇద్దరూ నిజమే చెబుతారు, ఎవరూ నమ్మరు, పిచ్చి పట్టిందనుకుంటారు. ఈలోగా హెన్రీ రాజు చనిపోతాడు. వీధుల్లో ఎడ్వర్డ్‌కి మైల్స్ హెండన్ అనే మాజీ సైనికుడి తోడు దొరుకుతుంది. టామ్‌కి పట్టాభిషేకం జరగబోయే క్షణంలో ఎడ్వర్డ్ వచ్చి అడ్డుపడతాడు. కనిపించకుండా పోయిన రాజముద్ర ఎక్కడుందో చెప్పి అసలు రాజును తానేనని రుజువు చేసుకుంటాడు.

ముందు మీ సొంత జాబితా

క్లాసులో మొదలుపెట్టకముందే నవల మొత్తం పెన్సిల్‌తో చదవండి. కీలకం అనిపించిన చోట మార్జిన్‌లో గీత పెట్టుకోండి. చదవడం అయ్యాక ఆ గీతల్లోంచి పన్నెండుకు మించకుండా ఏరండి. ఏరేటప్పుడు మీకే తెలుస్తుంది ఇది ఎంత తేలిక కాదో. రేపు పిల్లలు ఎక్కడ తడబడతారో కూడా అక్కడే అర్థమవుతుంది.

ఆ జాబితాను మాత్రం బోర్డు మీద రాయకండి, ఎవరికీ చూపించకండి. ఒక్కసారి రాశారా, నలభై నోట్‌బుక్కుల్లోకీ అదే ఎక్కుతుంది, ఇక ఆలోచించేవాడు ఉండడు. చివరి రోజున పిల్లల జాబితా పక్కన పెట్టి చూడ్డానికి దాచుకోండి.

మొదటి పీరియడ్: ఏడు చేపల కథ

నవల జోలికి పోకుండా అందరికీ వచ్చిన ఏడు చేపల కథతో మొదలుపెట్టండి. ఎనిమిదో తరగతి వాళ్లు మొదట నవ్వుతారు, నవ్వనివ్వండి. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపా, ఎందుకు అడ్డమొచ్చావు? ఆవు మేయలేదు. అలా పాలేరు మీదుగా, బువ్వ పెట్టని అవ్వ మీదుగా, ఏడ్చిన పిల్లాడి మీదుగా చీమ దగ్గరికి వెళ్తాం. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అని చీమ అడగడంతో కథ అయిపోతుంది.

ఇప్పుడు ఈ కథను తిప్పి చెప్పమనండి. పుట్టలో వేలు పెట్టిన దగ్గర మొదలుపెట్టి చేప దాకా రావాలి. "పిల్లాడు పుట్టలో వేలు పెట్టాడు, అందుకని చీమ కుట్టింది, దాంతో వాడు ఏడ్చాడు, వాణ్ని ఊరుకోబెట్టే హడావిడిలో అవ్వ పాలేరుకి బువ్వ పెట్టలేదు..." ఇలా చెప్పేటప్పుడు 'తర్వాత' అన్న మాట వాడకూడదని నియమం పెట్టండి. 'అందుకని', 'దాంతో', 'కానీ' మాత్రమే వాడాలి.

ఆ తర్వాత రెండు ప్రశ్నలు. రాజుగారికి ఏడుగురు కాకుండా ముగ్గురే కొడుకులుంటే కథ మారుతుందా? మారదు, చేపలు మూడవుతాయి, అంతే. చీమ కుట్టకపోతే? చేప ఎండిపోతుంది, అసలు కథే లేదు. ఏడుగురు కొడుకుల సంగతి కథకు అందం. చీమ కుట్టడం కథకు ఆధారం. మొదటిది అనవసరమని చెప్పకండి, పిల్లలు దాన్ని పట్టుకుని వర్ణనలన్నీ వేస్టు అనుకునే ప్రమాదం ఉంది. "ఇది లేకపోయినా కథ సాగుతుంది" అంటే చాలు.

పీరియడ్ మొత్తం దీనికే పోయినా పర్లేదు. ఇక్కడ సరిగ్గా కుదిరితే మిగతావన్నీ సులువవుతాయి.

చీటీ మీద ఏం రాయాలి

పాత నోట్‌బుక్కుల్లోంచి అరచేతి వెడల్పున చీటీలు కత్తిరించి ఒక్కొక్కరికీ పది పన్నెండు ఇవ్వండి. ఒక చీటీకి ఒకే సంఘటన, ఒకే వాక్యం. ఆ వాక్యంలో ఎవరు, ఏం చేశారు అనేవి ఉండాలి, క్రియ తప్పనిసరి.

'లండన్‌లో పేదరికం' సంఘటన కాదు, అది విషయం. 'టామ్ చాలా మంచివాడు' అనేది అభిప్రాయం. 'బట్టల మార్పిడి' అని రాస్తే అధ్యాయానికి పేరు పెట్టినట్టు ఉంటుంది, ఎవరు చేశారో, చేస్తే ఏమైందో తెలియదు. 'టామ్, ఎడ్వర్డ్ సరదాకి బట్టలు మార్చుకున్నారు' అని రాస్తే చీటీ పనికొస్తుంది. మొదటి రోజు సగం చీటీలు వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది. విసుక్కోకుండా "క్రియ ఏదిరా?" అని ఒక్క మాట అడిగి ఇచ్చేయండి. నాలుగు రోజుల్లో వాళ్లే ఒకరినొకరు అడుగుతారు.

ఆగి ఆగి చదవడం

పుస్తకం ఒక్కటే ఉంటే మీరే బిగ్గరగా చదవండి. అదేమీ లోటు కాదు, పెద్ద తరగతుల పిల్లలకు కూడా చదివి వినిపించడం ఇష్టమే. మూలంలో ముప్పైకి పైగా అధ్యాయాలున్నాయి. అన్నీ క్లాసులో చదవడం కుదరదు. మొదటి పది అధ్యాయాలు, పట్టాభిషేకం పూర్తిగా చదివి, మధ్యలో కొన్నింటిని గ్రూపులకు పంచి, వాళ్లొచ్చి క్లాసుకు చెప్పేలా చూడండి. లంబాడీ, ఉర్దూ మాట్లాడే పిల్లలుంటే ముందు తమ గ్రూపులో సొంత భాషలో చెప్పుకుని, తర్వాత తెలుగులో చీటీ రాయమనండి. కథ అర్థమైందా, తెలుగులో రాయడం వచ్చిందా అనేవి రెండు వేర్వేరు సంగతులు.

ప్రతి అధ్యాయం చివర ఆగి ఒకే ప్రశ్న అడగండి: "ఈ అధ్యాయం మొదట్లో పరిస్థితి ఏమిటి, ఇప్పుడేమిటి?" తేడా ఏమీ లేకపోతే ఆ అధ్యాయంలో కీలక ఘట్టం లేనట్టే. ఉంటే, ఏ వాక్యం దగ్గర మారిందో వేలు పెట్టి చూపించమనండి.

ఎడ్వర్డ్, టామ్ మొదటిసారి కలిసే అధ్యాయం దగ్గర మాత్రం తొందరపడకండి. నవల మొత్తానికి పునాది అక్కడే ఉంది. ఏది కీలకం అని అడిగితే క్లాసంతా "బట్టలు మార్చుకోవడం" అని ఒకే గొంతుతో అంటుంది. అప్పుడు అడగండి: "మార్చుకున్నారు సరే. రెండు నిమిషాల్లో మళ్లీ ఎవరి బట్టలు వాళ్లు వేసుకోవచ్చుగా, ఎందుకు వేసుకోలేదు?" మళ్లీ పుస్తకంలోకి చూడక తప్పదు. అద్దం ముందు నిలబడి పోలికలు చూసి ఆశ్చర్యపోతున్నప్పుడు టామ్ చేతి మీద కమిలిన దెబ్బ ఎడ్వర్డ్ కంట పడుతుంది. గేటు దగ్గర కాపలావాడు కొట్టిన దెబ్బ అది. కోపం పట్టలేక, వేసుకున్నవి చింకి బట్టలని కూడా మరిచిపోయి, కాపలావాడి పని పట్టడానికి పరిగెడతాడు. కాపలావాడు బిచ్చగాడనుకుని వాడి చెంప పగలగొట్టి బయటికి నెడతాడు. రాజకుమారుణ్ని వీధిపాలు చేసింది బట్టలొక్కటే కాదు, వాడి జాలి, వాడి కోపం కూడా. పిల్లలకు ఇది తట్టినప్పుడు క్లాసులో చిన్న అలజడి మొదలవుతుంది.

అదే చోట ఇంకో చిన్న సంగతి ఉంది. పరిగెత్తబోతూ ఎడ్వర్డ్ బల్ల మీదున్న ఒక వస్తువును తీసి ఎక్కడో దాచిపెడతాడు. దేశానికి ముఖ్యమైన వస్తువు అని మాత్రమే రచయిత చెబుతాడు, అదేమిటో చెప్పడు. నూటికి తొంభై మంది పెద్దవాళ్లు కూడా ఈ వాక్యాన్ని దాటేస్తారు. ఇక్కడ మీరు నోరు విప్పకండి. పిల్లలందరికీ ఒక అలవాటు మాత్రం చేయండి: కథలో ఏదైనా వివరం చెప్పీ చెప్పనట్టు వదిలేస్తే, ఆ చీటీ మీద ప్రశ్నార్థకం వేసి విడిగా దాచుకోవాలి. ఎవరో ఒకరు ఈ వస్తువు గురించి చీటీ రాస్తారు. రాయకపోతే "వెళ్తూ వెళ్తూ వాడు చేసిన పని ఒకటి మిగిలిపోయిందే" అని ఒక్క మాట అని ఊరుకోండి.

తీసేసి చూడు

సగం నవల అయ్యేసరికి గ్రూపు దగ్గర నలభై యాభై చీటీలు పోగవుతాయి. ఇప్పుడు ఏరడం మొదలు. అయిదుగురేసి గ్రూపులుగా కూర్చోబెట్టి, చీటీలు నేల మీద వరసగా పరిపించండి. ఒక్కో చీటీని వరసలోంచి తీసి పక్కన పెట్టి, "ఇది జరగకపోతే తర్వాతి చీటీల్లో ఏవి జరగవు?" అని అడగాలి. మూడు నాలుగు కూలిపోతే అది కీలకం. ఏదీ కూలకపోతే పక్కన పెట్టేయొచ్చు.

ఇది ఊరికే క్లాసు ఆట కాదు. కథలో ఒక సంఘటన ఎంత ముఖ్యమని పాఠకులు భావిస్తారన్నది, ఆ సంఘటన ఎన్ని ఇతర సంఘటనలతో కారణంగానో ఫలితంగానో ముడిపడి ఉందన్న దాన్ని బట్టి ఉంటుందని 1985లో టామ్ ట్రబాసో, లిండా స్పెర్రీ అనే పరిశోధకులు చూపించారు. చీటీల మధ్య సుద్దతో బాణాలు గీయిస్తే మీ క్లాసులోనే అది కనిపిస్తుంది. బాణాలు ఎక్కువ తగులుకున్న చీటీలే చివరికి మిగులుతాయి.

గొడవ వచ్చేది సన్యాసి దగ్గర. దొంగల గుంపు నుంచి తప్పించుకున్న ఎడ్వర్డ్ అడవిలో ఒక సన్యాసి గుడిసెకు చేరతాడు. నేను రాజునని చెబుతాడు. మఠాలు మూయించి తన బతుకు పాడుచేసినవాడు హెన్రీ రాజు, వీడు అతని కొడుకు అని సన్యాసికి తెలుస్తుంది. పిల్లవాడు నిద్రపోతుంటే కూర్చుని కత్తి నూరుతాడు, కాళ్లూ చేతులూ కట్టేస్తాడు. క్లాసులో ఇది చదివేటప్పుడు గుండుసూది పడినా వినిపిస్తుంది. అందుకే ప్రతి గ్రూపూ దీన్నే మొదటి చీటీగా పెడుతుంది.

తీసి చూడమనండి. ఆ ఘట్టానికి ముందు ఎడ్వర్డ్ ఎవరి నుంచి తప్పించుకున్నాడు? దొంగల గుంపు నుంచి. ఆ ఘట్టం చివర ఎవరి చేతిలో పడ్డాడు? జాన్ కాంటీ వచ్చి మళ్లీ ఆ గుంపులోకే లాక్కెళ్లాడు. అంటే కథ ఎక్కడ ఆగిందో మళ్లీ అక్కడికే వచ్చింది. మొత్తం ఘట్టం ఎత్తేసినా గొలుసు తెగదు. పిల్లలు ఒప్పుకోరు, "అంత బాగుంది కదా సార్!" అంటారు. బాగుండటం వేరు, కీలకం కావడం వేరు అన్నది ఈ ఒక్క ఘట్టంతో అర్థమైనంతగా ఇంక దేనితోనూ అర్థం కాదు.

అలాగని దాన్ని చెత్తబుట్టలో వేయించకండి. కథను నడిపే ఘట్టాలతో పాటు మనిషిని మార్చే ఘట్టాలు కూడా ఉంటాయి. వాటికి వేరే రంగు చీటీలు ఇవ్వండి. తండ్రి చేసిన చట్టాలు కింది మనుషుల మీద ఎలా పడ్డాయో ఎడ్వర్డ్ కళ్లారా చూస్తాడు. జైల్లో తనను ఆదరించిన ఇద్దరు స్త్రీలను వాళ్ల మతవిశ్వాసం కారణంగా సజీవంగా తగలబెడుతుంటే చూస్తాడు. ఈ చీటీ తీసేసినా వాడు పట్టాభిషేకానికి చేరుకుంటాడు. కానీ గద్దెనెక్కాక దయగల రాజు ఎందుకయ్యాడో చెప్పలేం. సన్యాసి చీటీ కూడా ఈ రంగులోకి వస్తుందని ఎవరైనా వాదిస్తే మెచ్చుకోండి.

చాలా పుస్తకాల్లో కథను కొండ బొమ్మలా గీయించే పద్ధతి కనిపిస్తుంది. ఎక్కడం, శిఖరం, దిగడం. జర్మన్ రచయిత గుస్టావ్ ఫ్రైటాగ్ 1863లో నాటకాల నిర్మాణం వివరించడానికి వేసిన బొమ్మ అది. చిన్న కథకు బాగానే ఉంటుంది. ఈ నవలకు వాడొద్దనే నా సలహా. ఇక్కడ కథ రెండు చోట్ల ఒకేసారి నడుస్తుంది, ఒక కొండ గీస్తే రెండోవాడు కనిపించకుండా పోతాడు.

గోడ మీద రెండు దారాలు

కొండ బదులు గోడకు రెండు దారాలు కట్టండి. పైది కోట, కిందది వీధి. ఏరగా మిగిలిన చీటీలను బట్టల క్లిప్పులతో తగిలించాలి. టామ్ చీటీలు పైన, ఎడ్వర్డ్ చీటీలు కింద. ఇద్దరినీ కలిపే ఘట్టం వస్తే రెండు దారాలనూ కలిపి ఒకే క్లిప్పు పెట్టాలి.

కలిసే చోట్లు చాలా తక్కువ. మొదట్లో రాజభవనం, చివర్లో పట్టాభిషేకం. మధ్యలో గిల్డ్‌హాల్ అనే లండన్ నగర సభాభవనం దగ్గర లోపల టామ్ విందులో కూర్చుంటే, బయట గేటు దగ్గర ఎడ్వర్డ్ నేనే రాజకుమారుణ్నని అరుస్తుంటాడు, మైల్స్ హెండన్ వచ్చి జనం చేతిలో దెబ్బలు తినకుండా కాపాడతాడు. అదే సమయంలో రాజు చనిపోయాడన్న కబురు వస్తుంది. ఆ ఒక్క కబురుతో పై దారంలో టామ్ రాజకుమారుడి నుంచి రాజైపోయాడు. కింది దారంలో ఎడ్వర్డ్‌కు తండ్రి పోయాడు, ఇక తనను గుర్తుపట్టి నిలబెట్టే పెద్దదిక్కు లేదు. ఒకే చీటీ రెండు దారాల మీదా బరువు వేయడం పిల్లలు కళ్లతో చూస్తారు.

చరిత్ర మీద ఆసక్తి ఉన్న పిల్లలుంటే ఇక్కడ రెండు మాటలు చెప్పొచ్చు. నిజమైన ఎనిమిదో హెన్రీ 1547 జనవరి 28న చనిపోయాడు. అప్పటికి నిజమైన ఎడ్వర్డ్‌కు తొమ్మిదేళ్లే. మరణశిక్ష పడ్డ నార్ఫోక్ డ్యూక్ అనే ప్రభువు, రాజు మరణంతో బతికిపోవడం కూడా నిజంగా జరిగిందే. నవలలో ఆ క్షమాభిక్ష టామ్ నోటి నుంచి వస్తుంది. బట్టల మార్పిడి మాత్రం కల్పన. ఈ మాట స్పష్టంగా చెప్పండి, లేకపోతే సోషల్ పరీక్షలో కూడా రాసేస్తారు.

చివర్నుంచి వెనక్కి

పట్టాభిషేకం చదివే రోజుకు పూర్తి పీరియడ్ ఉంచుకోండి. నవలలోకెల్లా గొప్ప ఘట్టం అది, మన పాఠానికి కూడా అదే ఆయువుపట్టు.

రాజముద్ర ఎక్కడుందో చెప్పమని ఎడ్వర్డ్‌ని అడుగుతారు. వాడు ధీమాగా ఒక చోటు చెబుతాడు. మనిషి వెళ్లి చూసి వస్తే అక్కడ ఉండదు. అందరూ వాడికి దూరంగా జరుగుతారు. అప్పుడు టామ్ ముద్ర ఎలా ఉంటుందో కనుక్కుని, అదేమిటో తనకు తెలుసని గ్రహిస్తాడు. అయినా చోటు తాను చెప్పడు. ఎడ్వర్డ్‌కే గుర్తు రావాలని ఆ రోజు జరిగినవన్నీ ఒక్కొక్కటిగా, వరసలో చెబుతూ వెళ్తాడు. నీకు మా ఇంటి సంగతులు చెప్పాను, తినడానికి పెట్టావు, బట్టలు మార్చుకున్నాం, అద్దం ముందు నిలబడ్డాం, నా చేతి మీద దెబ్బ చూశావు, తలుపు వైపు పరిగెత్తావు, బల్ల దగ్గర ఆగి ఆ వస్తువు తీశావు... అంతే, ఎడ్వర్డ్‌కి వెలిగిపోతుంది. గోడకు వేలాడే కవచం చేతి భాగంలో ఉందంటాడు. వెళ్లి చూస్తే ఉంటుంది.

గమనించారా? మనం ఇన్ని రోజులుగా పిల్లలతో చేయిస్తున్న పనినే టామ్ అక్కడ చేస్తాడు. సరైన ఘట్టాలు, సరైన వరసలో. ఈ పేజీ చదివేటప్పుడు పిల్లల్ని గోడ దగ్గర నిలబెట్టండి. టామ్ ఒక్కో మాట చెబుతుంటే ఆ చీటీ తమ దారం మీద ఉందో లేదో చూసుకోవాలి. లేని చీటీలు అప్పటికప్పుడు తగిలిస్తారు. ప్రశ్నార్థకం వేసి దాచినవాడు ఆ చీటీ పట్టుకుని ముందుకొస్తాడు, వాడి మొహం చూడాలి. ఇన్నాళ్లూ అది రాజముద్ర అని తెలియక టామ్ దాంతో కాయలు పగలగొట్టుకుని తిన్నాడని తెలిసి క్లాసంతా ఘొల్లుమంటుంది.

నవ్వులు ఆగాక ఏడు చేపల ప్రశ్నలు మొదలుపెట్టండి. ఎడ్వర్డ్‌ని రాజుగా ఎందుకు ఒప్పుకున్నారు? ముద్ర ఎక్కడుందో చెప్పాడు. అదెందుకు కనిపించకుండా పోయింది? బయటికి పరిగెడుతూ దాచాడు. ఎందుకు పరిగెత్తాడు? టామ్ చేతి మీద దెబ్బ చూశాడు. దెబ్బ ఎందుకు తగిలింది? కాపలావాడు కొట్టాడు. ఎందుకు కొట్టాడు? టామ్ గేటు దగ్గరికి వెళ్లాడు. ఎందుకు వెళ్లాడు? పక్కనే ఉండే ఆండ్రూ అనే ముసలి ఫాదర్ చెప్పిన కథలు విని, నేర్పిన చదువు చదివి, ఒక్కసారైనా నిజమైన రాజకుమారుణ్ని చూడాలని కలలు కన్నాడు. ఈ నవలలో చీమ ఎక్కడుందో పిల్లలే చెబుతారు.

తేలని ఘట్టం ఒకటి కావాలనే వదలండి. పట్టాభిషేకం రోజు ఊరేగింపులో టామ్ తల్లి జనంలోంచి వాణ్ని గుర్తుపట్టి పరిగెత్తుకొస్తుంది. నువ్వెవరో నాకు తెలియదంటాడు టామ్. ఆ క్షణం నుంచి వాడికి ఆ వైభవం మీద మనసు విరిగిపోతుంది. ఆ తర్వాత ఎడ్వర్డ్ వచ్చినప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఇతనే రాజు అంటాడు. తల్లి కనిపించకపోయినా అలాగే అనేవాడా? కొందరు అవునంటారు, కొందరు కాదంటారు. పుస్తకంలోంచి ఆధారం చూపించినవాళ్లందరిదీ సరైన జవాబే.

రాయించడం

దారం మీది చీటీల్లోంచి పది తీసుకుని ఒక పేజీకి మించకుండా కథ రాయమనండి. 'తర్వాత' మొత్తం మీద రెండుసార్లకు మించి రాకూడదు. ఎలా ఉంటుందో బోర్డు మీద ఒక జత వాక్యాలు చూపించండి.

ఇలా వద్దు: "టామ్ కోటకు వెళ్లాడు. తర్వాత బట్టలు మార్చుకున్నారు. తర్వాత ఎడ్వర్డ్ బయటికి వెళ్లాడు. తర్వాత రాజు చనిపోయాడు."

ఇలా రాయాలి: "బట్టలు మార్చుకున్నాక టామ్ చేతి మీద దెబ్బ చూసి ఎడ్వర్డ్ కోపంతో బయటికి పరిగెత్తాడు. కానీ చింకి బట్టల్లో ఉన్నందువల్ల కాపలావాడు గుర్తుపట్టక గెంటేశాడు. దాంతో టామ్ కోటలో చిక్కుకుపోయాడు."

వెనకబడిన పిల్లలకు ఖాళీ కాగితం ఇచ్చి రాయమంటే టెన్షన్ పడతారు. మీరే పది చీటీలు రాసి కలిపేసి ఇవ్వండి. వరసలో పెట్టి, మధ్యలో 'అందుకని', 'కానీ', 'దాంతో' పదాలు మాత్రం వాళ్లను రాయమనండి. ఆలోచించే పని అదే, చేతిరాత శ్రమ తగ్గుతుంది, అంతే.

మార్కులు వేసేటప్పుడు మీరు దాచుకున్న జాబితాతో సరిపోల్చి కోత వేయకండి. ఒక్కో పిల్లవాడి దగ్గరికి వెళ్లి వాడి కాగితంలో ఒక ఘట్టం మీద వేలు పెట్టి, "ఇది తీసేస్తే ఏం పోతుంది?" అని అడగండి. జవాబు చెప్పగలిగితే మార్కు ఇవ్వొచ్చు. మీ జాబితాలో లేని ఘట్టానికి వాడు గట్టిగా వాదిస్తే ఇంకో మార్కు ఎక్కువ వేయండి. ఆ రోజే మీ జాబితా కూడా గోడకు తగిలించి, అందులో ఏది తీసేయొచ్చో చెప్పమని వాళ్లకే వదిలేయండి. మాస్టారి చీటీ పీకేయడంలో ఉన్న ఉత్సాహం ఇంక దేనిలోనూ ఉండదు.

తర్వాత ఏ పుస్తకం?

ఇదే పద్ధతికి 'కాంచన ద్వీపం' (స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలాండ్'కు తెలుగు) బాగా కుదురుతుంది. ఆపిల్ పీపాలో దాక్కున్న కుర్రవాడు దొంగల కుట్ర వినే ఘట్టం ఒక్కటి చాలు, తీసేసి చూడు ఆటకు. 'టామ్ సాయర్' కొంచెం కష్టం, అల్లరి ఎక్కువ, గొలుసు తక్కువ, అందుకే తొమ్మిదో తరగతికి ఉంచండి.

'బుడుగు', 'టోటో చాన్' లాంటి పుస్తకాలకు మాత్రం ఈ చీటీలూ దారాలూ తీసుకెళ్లకండి. వాటిల్లో ఒక్కో ముక్క దేనికదే నిలబడుతుంది, ఒకటి తీసేస్తే రెండోది కూలదు. అక్కడ అడగాల్సిన ప్రశ్నలు వేరు: ఈ పిల్లవాడికి పెద్దవాళ్లు ఎలా కనిపిస్తున్నారు, ఏ ముక్కలో నీకు నువ్వు కనిపించావు, ఎందుకు.